ఏనుగుబండకు దిగువ నీళ్లు

నదిని కాపాడాలని కోర్టుకు పోయింది సరసమ్మే. అందుకే అభయారణ్యం గార్డులు వచ్చి కొత్తూరుమేడు చేపల పుట్టులన్నిటినీ ట్రాక్టరులో వేసుకుపోయిన ఉదయం ఊళ్లో ఎవరూ గార్డులను తిట్టలేదు. ఒడ్డున నిలబడి ట్రాక్టరు మలుపు తిరిగేదాకా చూశారు. తర్వాత ఆమె వైపు చూశారు.

"సరణాలయం అడిగితివి గదా అక్కా," అంది మారియాయి, అభయారణ్యానికి తమిళ మాటతో. "ఇదిగో, వచ్చేసింది."

మారియాయి పక్కింటి మనిషి. ఇంట్లో తమిళం, సరసమ్మతో తెలుగు. ఏళ్ల తరబడి ఇద్దరూ ఒకే ఆటోలో పెన్నాగరం సంతకు చేపల బుట్టలు తీసుకుపోయారు. ఆ మాట అనేసి ఆమె ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది.

కొత్తూరుమేడు ధర్మపురి జిల్లాలో కావేరి ఒడ్డు ఊరు. ఆనకట్ట కట్టినప్పుడు పాత ఊరూ పొలాలూ నీళ్ల కిందికి పోతే, తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు కొన్ని ఈ మెట్ట మీదికి వచ్చి ఇళ్లు వేసుకున్నాయి. రాళ్ల నేలలో రాగులు పండితే పండేవి, లేకపోతే లేదు. మెల్లగా మగవాళ్లు తమిళ జాలర్ల దగ్గర పుట్టి తిప్పడం నేర్చుకున్నారు. సరసమ్మ భర్త జయరామ వాళ్ల తాత మోట తోలాడు. జయరామకు మాత్రం వల విసరడం తప్ప మరో పని రాదు.

ఊరికి కాస్త దిగువన నది మధ్యలో ఏనుగుబండ ఉంది. బండకు ఎగువన పారే నది. దిగువన ఆనకట్టకు తట్టుకుని నిలిచిన నీళ్లు, చూపు ఆనని వెడల్పు. ఎగువా దిగువా చేపల లైసెన్సు మాత్రం ఒక్కడిదే, కాంట్రాక్టరు సెంగోడన్‌ది. ఊరివాళ్లు అతని దగ్గర చీటీ తీసుకుని నీళ్లలోకి దిగాలి. పట్టిన చేపలో పెద్ద భాగం అతని షెడ్డుకు వేయాలి. మిగిలింది ఆడవాళ్లు సంతలో అమ్ముకోవాలి. అది అన్యాయమని అందరికీ తెలుసు, కానీ దానికి అలవాటు పడిపోయారు.

అలవాటు పడలేకపోయింది మందుగుండుకే. కొత్త నీళ్లు దిగే ఆడి మాసంలో చేపలు గుడ్లు పెట్టడానికి ప్రవాహానికి ఎదురెక్కి వస్తాయి. ఆ రోజుల్లో ఊళ్లో ఎవరూ వల వేసేవాళ్లు కాదు. కొన్నేళ్ల కిందట అలాంటి ఒక పొద్దున నది దద్దరిల్లింది. సరసమ్మ ఒడ్డుకు పరుగెత్తేసరికి నీళ్ల మీదంతా తెల్లటి పొట్టలు. గుడ్లతో నిండిన చేపలు, వేలెడు పిల్లలు, వాటి మధ్య ఒక నీటికుక్క కూడా వెల్లకిలా తేలుతోంది. సెంగోడన్ మోటారు పడవలు పెద్దవాటిని ఏరుకుని మిగతావి వదిలేసి పోయాయి. రోజుల తరబడి ఊళ్లో అన్నం సయించలేదు, అంత కంపు.

ఆ వారమే సరసమ్మ ఊరి ఆడవాళ్లను కూడగట్టి ధర్మపురికి బస్సెక్కింది. కోర్టు ఎదురు సందులో వేదవల్లి అనే వకీలు ఉంది. పట్నంలో తరాలుగా బట్టల వ్యాపారం చేసే తెలుగు ఇంటి పిల్ల. "మా నాయినమ్మ కూడా మీ మాదిరే మాట్లాడుతుంది అక్కా," అని కుర్చీలు వేయించింది. వచ్చిన ఆడవాళ్లలో తెలుగు చదవడం ఎవరికీ రాదు, వేదవల్లికీ రాదు. కోర్టు కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి. ఆమె ఒక్కో వాక్యం చదివి ఇంటి తెలుగులో చెప్పేది. వీళ్లు తమిళంలో సంతకాలు పెట్టేవాళ్లు. అలా హైకోర్టులో కేసు పడింది. మందుగుండు ఆపాలి, దోమతెర లాంటి సన్న వలలు ఆపాలి, నదిని కాపాడాలి. అడిగింది ఇంతే.

కేసు నడుస్తుండగానే ప్రభుత్వం నదిని కాపాడుతున్నామని చెప్పింది. ఏనుగుబండకు ఎగువన ఉన్న నదంతా అభయారణ్యంగా ప్రకటించబోతున్నట్టు ఆదేశం వచ్చింది. ఆ రోజు సరసమ్మ మారియాయిని కౌగిలించుకుని ఏడ్చింది కూడా. ఆదేశం పూర్తిగా చదివాక వేదవల్లి ఫోన్ చేసింది.

"అక్కా, బండకు పైన ఎవరూ ఏ చేపా పట్టకూడదంట. చెయ్యి వల కూడా. బండకు కింద ఆనకట్ట నీళ్లు, అవి ఆదాయం తెచ్చే నీళ్లని వదిలేసినారు."

"అంటే సెంగోడన్ పడవలు?"

"అవి అట్లనే తిరుగుతాయి. వాటి మీద మన కేసు ఇంకా ఉంది. కోర్టు మనిషిని పంపించి కింద నీళ్లు తనిఖీ చేయించమని అడిగినాము. జడ్జి సరే అనేటట్టున్నాడు."

"వెడిమందు వేసినోడికి నీళ్లు, వల వేసినోడికి జైలా," అంది సరసమ్మ.

దిగువ నీళ్లు ఊరి పుట్టులకు పనికొచ్చేవి కావు. అక్కడ లోతు ఎక్కువ, గాలి ఎక్కువ, మోటారు పడవలు పుట్టి పక్కనుంచి పోతే బోర్లా పడుతుంది. అయినా కొందరు పోయారు. సెంగోడన్ మనుషులు వాళ్ల వలలు కోసి పంపించారు. ఆ తర్వాతే గార్డుల ట్రాక్టరు వచ్చింది. ఎన్నికలు దగ్గరికొచ్చాయి. ఒక పార్టీ అభ్యర్థి వచ్చి గెలిపిస్తే అభయారణ్యం రద్దు చేయిస్తానన్నాడు. ఇంకో పార్టీ అభ్యర్థి వచ్చి ఊరి మగవాళ్లందరికీ టూరిస్టులను తిప్పే ఉద్యోగాలన్నాడు. రెండు సభల్లోనూ వేదిక మీద సెంగోడన్ కూర్చున్నాడు.

ఇళ్లలో పొయ్యిలు వెలగడం తగ్గింది. ఆడవాళ్లు తెల్లవారకముందే చెట్టికరై కాలేజీ వైపు కొత్త కట్టడాల పనికి పోయి చీకటి పడ్డాక వచ్చేవాళ్లు. మారియాయి భర్త అయ్యనార్ తిరుప్పూరు మిల్లుకు పోయాడు. జయరామ ఎక్కడికీ పోలేదు. ఒడ్డున కూర్చుని నీళ్ల వైపు చూసేవాడు. ఒకనాడు సందెవేళ లారీ ట్యూబు ఒకటి గాలి నింపుకుని, దాని మీద పడుకుని, భుజాన వలతో నదిలోకి పోయాడు. ఏనుగుబండ దగ్గరే పట్టుకున్నారు.

"బండకు కింద పక్కే ఉండాను సార్," అన్నాడట.

గార్డు చేతిలో ఉన్న జీపీఎస్ యంత్రం పైపక్క అని చూపించింది. అభయారణ్యంలో వేట. ధర్మపురిలో మేజిస్ట్రేటు ముందు పెట్టి జైలుకు పంపారు. వేదవల్లి వేసిన బెయిలు మొదటిసారి కొట్టేశారు.

జైలు కిటికీ జాలీ అవతల జయరామ గడ్డం పెరిగి ముసలివాడిలా కనిపించాడు. సరసమ్మ తెచ్చిన అరటిపళ్లు లోపలికి పోనివ్వలేదు.

"తిండి పెడతారా?"

"పెడతారు."

"నిద్ర పడతాదా?"

జయరామ జాలీ పట్టుకున్నాడు. "సరసా, నువ్వు తప్పు చేసినావని నేను ఎవురికీ చెప్పలేదు. ఊళ్లో అందరూ అన్నారు, నేను అనలేదు. కానీ నాకు ఈడ గాలి ఆడలేదు. నన్ను బయటికి తెచ్చుకో. ఎట్లయినా సరే."

అతను అలా ప్రాధేయపడటం ఆమె ఎన్నడూ వినలేదు. బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. అక్కడే సెంగోడన్ కారు వచ్చి ఆగింది. అతను దిగి, చెప్పులు పక్కన విడిచినంత మర్యాదగా, చెల్లెలా అని పిలుస్తూ తమిళంలో మాట్లాడాడు.

"నాకు నీ మీద కోపం లేదు తంగచ్చీ. కలెక్టరాఫీసులో విచారణ పెడుతున్నారు, తెలుసు గదా. సరణాలయంలో ముందునుంచీ హక్కు ఉన్నవాళ్లు వచ్చి చెప్పుకోవాలి. మీ ఊరివాళ్లు చేపలు పట్టేవాళ్లని ఏ కాగితంలో ఉంది?"

సరసమ్మ తల అడ్డంగా ఊపింది.

"లేదు. లైసెన్సు నాది. మీకు నేను చీటీలు ఇచ్చినాను. మీరు జాలర్లని చెప్పగలిగినవాడిని నేనొక్కడినే. వచ్చి చెబుతాను. మీ ఆయన కేసులో కూడా నా మాట పనికొస్తుంది. కింద నీళ్ల మీద నీ కేసు ఒక్కటి తీసేసుకో. ఆ కోర్టు మనిషి రాకూడదు."

"తీసుకోకపోతే?"

"నేను విచారణకు రాను. అంతే." కారు తలుపు తీస్తూ వెనక్కి తిరిగాడు. "బలవంతమేమీ లేదు."

ఆ సాయంత్రం రేషన్ షాపు అరుగు ముందు ఊరంతా చేరింది. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. దానికే సరసమ్మకు ఎక్కువ భయం వేసింది. తిట్టి ఉంటే బదులు చెప్పేది.

"తీసుకుంటే వెడి ఆగదు," అందామె. "ఇంగ కొన్నాళ్లకు కింద చేప ఉండదు. కింద లేకపోతే పైకి ఎక్కేది ఏమి?"

"కొన్నాళ్లకు అంటావు," అంది మారియాయి. "మా ఇంట్లో ఈ పొద్దు ఏముందో వచ్చి చూడక్కా. అయ్యనారుకు మిల్లులో దూది పోయి దగ్గు పట్టుకుంది, ఊరికి రాలేడు, పనికి పోలేడు. నది బతకాలి, సరే. మేము యాడ బతికేది?"

ఒక ముసలాయన లేచి చేతులు జోడించాడు. అతని వెనకే ఇంకొందరు లేచి చేతులు జోడించారు. తనకంటే పెద్దవాళ్లు తన ముందు అలా నిలబడటం చూడలేక సరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటికి పోయింది.

మర్నాడు వేదవల్లి ఆఫీసులో సరసమ్మ సెంగోడన్ మాట చెప్పి, కేసు వెనక్కి తీసుకుందామంది. వేదవల్లి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అక్కా, వాడికి భయం పట్టుకుంది కాబట్టే నీ దగ్గరికి వచ్చినాడు. కొంచెం ఓర్చుకుంటే..."

"నువ్వు ఓర్చుకో అంటే నేను ఓర్చుకుంటా. జైల్లో ఉండేది ఆయన."

"ఆయన బెయిలు నేను తెస్తాను. రెండోసారి వస్తుంది."

"ఊరు?"

వేదవల్లి లేచి కిటికీ దగ్గరికి పోయింది. "సముద్రంలో ఇట్లా చేస్తే, జాలర్ల బతుకుకు ఏమి దారి చూపించినావని చట్టమే అడుగుతుంది. ఆ మాట చట్టంలో రాసి ఉంది. నదికి రాయలేదు. రామేశ్వరంలో ఉండి ఉంటే నీకు ఆ మాట పట్టుకుని కొట్లాడేదాన్ని. ఈడ నీ హక్కు నువ్వే చూపించాలంట. ఎట్ల చూపిస్తావు? నీ తాత ఊరు నీళ్ల కింద ఉంది." ఆమె వచ్చి మళ్లీ కూర్చుంది. "వద్దని చెప్పడానికి నాకేమి, రోజూ నా ఇంట్లో అన్నం ఉడుకుతుంది. నువ్వు చెప్పినట్టే చేస్తాను. అవసరమైతే మళ్లీ వేసుకునే అనుమతి ఇవ్వమని అడుగుతాను."

సరసమ్మ సంతకం పెట్టింది.

హైకోర్టు కేసు ముగించింది. మళ్లీ వేసుకునే అనుమతి గురించి తీర్పులో ఒక్క ముక్క లేదు. అభయారణ్యం వచ్చింది కాబట్టి అడిగింది నెరవేరినట్టేనని రాసింది.

కలెక్టరాఫీసు విచారణకు కొత్తూరుమేడు నుంచి లారీలో వచ్చారు. హాలు నిండిపోయి కొందరు మెట్ల మీద నిలబడ్డారు. హక్కులు విచారించే అధికారి మంచివాడిలాగే ఉన్నాడు. ఆడవాళ్లకు నీళ్లు తెప్పించాడు. సెంగోడన్ తెల్లపంచెలో వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. పేరు పిలవగానే లేచి నిలబడ్డాడు.

"కొత్తూరుమేడు వాళ్లను నాకు చిన్నప్పటినుంచి తెలుసు సార్. మా నాన్న కాలంనుంచి వీళ్లు నదిలో చేపలు పడుతున్నారు."

సరసమ్మ ఊపిరి వదిలింది. వెనక ఎవరో ఏడుస్తున్నట్టు వినిపించింది.

"వీళ్లంతా నా కూలీలు సార్," అన్నాడు సెంగోడన్. "లైసెన్సు మాది, పని వాళ్లది. వాళ్ల పొట్ట కొట్టొద్దు. నా లైసెన్సు కింద, చెయ్యి వలలతో, పైనీళ్లలో పట్టుకోనివ్వండి. బాధ్యత నేను తీసుకుంటాను."

అధికారి రాసుకోమని పక్కనున్న గుమాస్తాకు చెప్పాడు. సరసమ్మ లేచింది.

"మేము కూలీలు కాదు సార్. ఆయనకు లైసెన్సు ఉండేదానివల్ల చీటీ తీసుకుంటిమి. నది మాది. హక్కు మా పేరన రాయండి."

"మీ పేరన రాయడానికి ఆధారం ఏదమ్మా?" అన్నాడు అధికారి తమిళంలో, మెత్తగా. "ఆయన మీ తరఫునే గదా చెబుతున్నారు. కాదంటే ఆయన చెప్పినది కూడా కొట్టేయాల్సి వస్తుంది. కొట్టేయమంటారా?"

ఎవరో ఆమె కొంగు పట్టుకుని లాగారు. చూస్తే మారియాయి. వేళ్లు బిగించి పట్టుకుని, ఏమీ అనకుండా తల ఊపుతోంది, వద్దు, వద్దు అన్నట్టు. హాలంతా ఆమె ఏమంటుందా అని చూస్తోంది. సరసమ్మ కూర్చుంది.

అధికారి సెంగోడన్ చెప్పినట్టే రాశాడు. పుట్టులు తిరిగొచ్చాయి. కొన్నిటికి అడుగున తోలు చిరిగి ఉంటే తారు పూసుకున్నారు. జయరామ బెయిలు మీద ఇంటికి వచ్చి మూడు పూటలు వరసగా నిద్రపోయాడు. లేచి సెంగోడన్ షెడ్డుకు పోయి వరసలో నిలబడి చీటీ తెచ్చుకున్నాడు. ముందు పెద్ద భాగం అతనికి వేసేవాళ్లు. ఇప్పుడు మొత్తం వేసి కూలి తీసుకోవాలి. కాగితంలో అలాగే ఉంది. సంతలో అమ్ముకోవడానికి ఆడవాళ్లకు బుట్టెడు కూడా మిగల్లేదు. సరసమ్మ చెట్టికరై పనికి పోవడం మానలేదు. భార్యాభర్తలిద్దరూ ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా తినేవాళ్లు.

"అట్లన్నా బయట ఉండాను," అన్నాడు జయరామ ఒకనాడు.

"నేనేమన్నా అంటినా?"

"అనలేదు. అందుకే చెబుతున్నా."

ఆడి మాసం వచ్చింది. కొత్త నీళ్లు ఎర్రగా దిగాయి. ఆదివారం పని లేక సరసమ్మ వాకిట్లో రాగులు చెరుగుతుండగా భూమి అదిరింది. దిగువన కాదు, ఊరి ముందరే, బండకు ఎగువన. చేటలో గింజలు కిందికి దూకాయి. ఆమె పోయి చూడలేదు. చూడకుండానే నీళ్లు ఎలా ఉంటాయో తెలుసు. కాసేపటికి జయరామ ఒడ్డునుంచి వచ్చి, తడి బట్టలతోనే గడప మీద కూర్చుని మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు.

"మోటారు పడవలు పైకి వచ్చినాయి. గార్డు ఆపితే లైసెన్సు చూపించినారు. వాడు ఫోన్ చేసినాడు, ఎవురితోనో మాట్లాడినాడు, పక్కకు పోయినాడు," అన్నాడు. తల ఎత్తకుండానే, "మమ్మల్ని దిగి ఏరమన్నారు. ఏరినాము," అన్నాడు.

సరసమ్మ అతని వీపు మీద చెయ్యి వేసింది. జైలునుంచి వచ్చాక అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున బస్సు కోసం ఆమె రోడ్డు మీద నిలబడితే మారియాయి వచ్చి పక్కన నిలబడింది. చేతిలో సంచి ఉంది, మంచి చీర కట్టుకుంది. ఇద్దరూ మాట్లాడుకుని నెలలు దాటింది.

"చెట్టికరైకా?" అంది మారియాయి.

"కాదు. వక్కీలమ్మ దగ్గరికి."

"నేనూ ఆడికే."

బస్సు పెన్నాగరం దాటింది. తర్వాత మారియాయి కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ పొద్దు హాల్లో నిన్ను కూర్చోబెట్టింది నేనే అక్కా," అంది.

"నువ్వు లాగకపోయినా కూర్చుందునేమో," అంది సరసమ్మ. "తెలియదు."

వేదవల్లి నిన్నటి పేలుడు సంగతి విని, లేచి తలుపు మూసి వచ్చింది. ఫ్యాను కింద కాగితాలు ఎగురుతుంటే పుస్తకం బరువు పెట్టింది.

"పాత కేసు తెరవరు. ఇది కొత్త పేలుడు, సరణాలయం లోపల. కొత్తగా వేయచ్చు. కానీ వాళ్ల వక్కీలు మొదట అడిగేది ఒక్కటే, ఈమె ముందు ఎందుకు వెనక్కి తీసుకున్నదని. మళ్లీ ఎవురినో జైల్లో పెడతారు, మళ్లీ పుట్టులు ఎత్తుకుపోతారు, ఊరు మళ్లీ నీ ముందు చేతులు జోడిస్తుంది. అప్పుడేమి చేస్తావక్కా?"

అబద్ధం చెప్పడానికి సరసమ్మకు ఓపిక లేదు.

"నా మీద నాకు నమ్మకం లేదమ్మా," అంది. "మళ్లీ ఆయన జాలీ పట్టుకుని అడిగితే మళ్లీ ఒంగిపోతానేమో. నా ఒక్కదాని పేరు పెట్టొద్దు. ఈమె పేరు కూడా పెట్టు. నేను ఒంగిపోతే ఈమె ఉంటుంది."

"నేను ఒంగిపోతే?" అంది మారియాయి.

వేదవల్లి మారియాయి వైపు తిరిగి ఆమె పూర్తి పేరూ, తండ్రి పేరూ అడిగింది.